తాంబూలంలో రవికగుడ్డ

మదనపల్లె, 1998, గురువారం

నర్సింగ్ స్కూల్ ప్రిన్సిపాల్ గారు రమ్మనగానే మా సరోజ చదువు ఇంతటితో ఆగిపోతుందేమోనని భయపడ్డాను. జ్వరం తగ్గిన బిడ్డను ఆసుపత్రి నుంచి తమ ఊరు సదుం తీసుకువెళుతూ ఒక తల్లి ఇచ్చిన తాంబూలాన్ని, అందులోని రవికగుడ్డతో సహా, అమ్మాయి అందుకున్నదట. రోగుల వద్ద ఏదీ పుచ్చుకోకూడదన్నది అక్కడి నియమం.

“యాల తీసుకుంటివమ్మా?” అన్నాను.

“వద్దంటే బిడ్డికి మంచిది కాదని ఆయమ్మ ఏడ్చేట్టుండె నాయనా. గుడ్డ అప్పుడే సిస్టరమ్మకు ఇచ్చేస్తిని.”

దాచకుండా చెప్పినందువల్ల మందలింపుతో సరిపెడుతున్నామని, ఇకపై కుంకుమ మాత్రమే పెట్టించుకోవాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు. దారిపొడవునా వరుసగా కూర్చుకున్న విన్నపాలలో ఒక్కటీ అవసరపడలేదు. ప్రాణం కుదుటపడింది.

అయితే, చాచిన పళ్లెంలో కుంకుమ ఒక్కటే తీసుకొని తక్కినది వద్దనడం ఎలాగో ఆవిడ చెప్పలేదు.