పనస గిటారు, బ్యాటరీ గిటారు

గరివిడి,
27 జనవరి 2025

మావయ్యకి వంగి దండాలు పెట్టి ధర్మేంద్ర రాయునది.

కొన్నాను మావయ్యా, కొన్నాను! బేస్ గిటారు! మొన్న పార్శిలు వచ్చింది. విప్పేదాకా ఆగలేక ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను. నల్లగా నిగనిగలాడుతోంది. దానికి ఐదు తీగలు. వెనకాల చిన్న తలుపు తీస్తే లోపల బ్యాటరీ ఉంటుంది. శబ్దాన్ని అదే సరిచేసి బయటికి పంపుతుంది. ఏ తీగ ముట్టుకున్నా గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినంత తేటగా పలుకుతోంది.

రెండు నిమిషాలు వాయించి ఫోన్లో పంపాను. నువ్వు విని అత్తతో, "ఈడు తాళాల గుత్తి పారేసుకున్నాడేటే?" అన్నావట. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ పాత గిటారు గొప్పదే, కాదనను. కానీ దాని మోత దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది బాగా పలుకుతుందో ఒక్కసారి తేల్చుకుందామా?

నీ మేనల్లుడు,
ధర్మేంద్ర

తా.క.: ఐదో తీగ మోగించగానే కింద వాటాలో ఉండే ఇంటివారు పద్మకుమారి గారు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు. "బాబూ, మా బోరు మోటారు పట్టేసినట్టున్నాది, కట్టెయ్యి" అన్నారు.

గజపతినగరం,
1 ఫిబ్రవరి

చిరంజీవి ధర్మేంద్రకి నారాయణమూర్తి మావయ్య దీవించి రాయునది.

ఫోన్ స్పీకరు ఎంతుంటుందిరా? చొక్కా గుండీ అంత. అందులోంచి బేసు ఎలా వస్తుంది? ఈ సంగతి తేలేదాకా నాతో ఫోన్లో మాట్లాడకు. ఏదైనా ఉంటే కాగితం మీద రాయి.

బ్యాటరీ దేనికి? నువ్వు కొన్నది గిటారా, టార్చిలైటా? నాలుగు తీగల మీద ముప్పై తొమ్మిదేళ్లు ఊళ్లన్నీ తిరిగాను. ఐదో తీగ లేదని ఒక్క పెళ్లీ ఆగలేదు.

దుప్పటి కప్పుకుందా నా గిటారు? విను. ఎనభై ఆరులో అది నా చేతికొచ్చేసరికి దాని ఒళ్లు చీలిపోయి ఉంది. బొబ్బిలి తీసుకెళ్లి వీణలు చేసే దాలయ్య దగ్గర పెడితే, వీణకని దాచుకున్న పనసచెక్కతో కొత్త ఒళ్లు చేసిచ్చాడు. తీగల మొదట్లో ఇనప మూత బిగించి, "ఇది మాత్రం ఇప్పకు బాబూ" అన్నాడు. ఈ రోజు వరకూ విప్పలేదు. మొదటి మూడేళ్లూ మామూలుగానే మోగింది. ఎనభై తొమ్మిదిలో, మా అమ్మడు పుట్టిన నెలలో, ఒక సాయంత్రం ఒక్కసారిగా చెక్క పండింది! అప్పట్నుంచి వాయిస్తే "డుమ్" అని గుండెలో పడుతుంది. ఇలాంటిది బ్యాటరీతో వస్తుందా?

అసలు విషయానికి వస్తాను. మన ఉదయరాగం ఆర్కెస్ట్రా యజమాని మురళీమోహన్ మొన్న నన్ను పిలిచి, "మావా, ఈ రోజుల్లో బేసు గిటారు ఎవులింటన్నారు? నా కీబోర్డు మీద ఎడం సెయ్యి వేస్తే అదే బేసు" అన్నాడు. ఇరవై మూడో తేదీన భోగాపురం దగ్గర అమ్మవారి సంబరంలో ఆఖరిసారి చూస్తాడట. జనానికి తేడా తెలిస్తే స్టేజీ మీద నా కుర్చీ ఉంటుంది, లేకపోతే తీసేస్తాడు. పైగా "మీ అల్లుడు కొత్తది కొన్నాడంట గదా, అతన్నీ తెమ్మను" అన్నాడు.

ఈ కబురు అతనికి ఎలా తెలిసింది? నా కుర్చీకే ఎసరు పెట్టావా?

ఇట్లు,
నారాయణమూర్తి

తా.క.: తాళాల గుత్తి అన్న మాట వెనక్కి తీసుకోను.

ఇంకో తా.క.: అల్లుడా, నాను అత్తని, జగ్గమ్మని. ఉత్తరం పోస్టులో ఏసీది నానే గాబట్టి కింద నాలుగు ముక్కలు రాస్తన్నాను. నాకు రాతమాటలు రావు, మాటాడినట్టే రాస్తాను. మీ మావ మూడు దినాల్నుంచి సరిగ్గా తిండి తింట్లేదు. ఆ కుర్చీ పోతే మడిసి మంచం పట్టేస్తాడు. నువ్వొచ్చి గిటారు సూస్తే సూడు గాని ఆ ఇనప మూత జోలికి మాత్రం పోకు. ఎందుకని నన్నడక్కు.

గరివిడి,
6 ఫిబ్రవరి

మావయ్యకి ధర్మేంద్ర నమస్కరించి, ఒట్టేసి రాయునది.

నీ కుర్చీ నాకెందుకు మావయ్యా? ఫ్యాక్టరీలో నాకూ ఒక కుర్చీ ఉంది, కూర్చోనివ్వరు గాని. గిటారు కొన్నానని నేను ఎవరికీ చెప్పలేదు. పద్మకుమారి గారు చెప్పి ఉంటారు. ఆవిడకి తెలిస్తే గజపతినగరం దాకా తెలిసినట్టే.

అయినా మురళీమోహన్ మాట నాకు నచ్చింది. భోగాపురంలో ఇద్దరం తెర వెనక కూర్చుందాం. ఒకే స్పీకరు, ఒకే పాట. పాతదో కొత్తదో జనమే చెబుతారు. అబ్బ, తలుచుకుంటేనే చేతులు ఆగడం లేదు!

ఈ ఆదివారం వస్తున్నాను. నీ గిటారు కొలతలు తీసుకుంటాను. చెక్క మందం ఎంత, తీగల ఎత్తు ఎంత, అన్నీ రాసుకుంటాను.

నీ
ధర్మేంద్ర

తా.క.: పాత తీగలు నీళ్లలో మరగబెడితే కొత్తవాటిలా మోగుతాయని మా ఫ్యాక్టరీలో జగన్నాధం గారు అన్నారు. నీ తీగలు మరిగించాలంటే అత్త చారుగిన్నె ఇస్తుందేమో కనుక్కో. ఆ తరవాత చారు మాత్రం నేను తాగను.

గజపతినగరం,
13 ఫిబ్రవరి

ధర్మేంద్రకి.

దీవెనలు రాయడం లేదు. ఎందుకో నీకే తెలుసు.

ఆదివారం నేను మినప చేలో ఉండగా చూసుకుని వచ్చావు. టేపుతో కొలిచావు, వేలితో తట్టావు, మీ అత్త పెట్టిన కాఫీ తాగి వెళ్లిపోయావు. మంగళవారం నేను గిటారు తీశాను. భోగాపురానికి పెళ్లికొడుకులా తీసుకెళ్దామని కొబ్బరినూనెతో ఒళ్లంతా తుడిచాను, తీగలు తుడిచాను, దాలయ్య మాట కూడా పక్కనపెట్టి మూత విప్పి లోపల తుడిచాను. బిగించి వాయించాను.

డుమ్మనలేదు. "టయ్యిఁగ్" అంది!

మళ్లీ వాయించాను. మళ్లీ టయ్యిఁగ్. పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి, "గిన్నెలకి మాట్లేస్తన్నారా బాబూ?" అంది. ముప్పై ఆరేళ్ల ధ్వని రెండు రోజుల్లో ఎలా పోతుంది? ఏం చేశావురా? నీ టేపులో చుట్టుకుని పట్టుకుపోయావా? పది రోజుల్లో భోగాపురం. ఈ శబ్దంతో వెళితే మురళీ ఎడమ చెయ్యే గెలుస్తుంది. నాకు భయంగా ఉంది, కోపంగా ఉంది. ముందు ఏది రాయాలో తెలియక రెండూ రాశాను.

నారాయణమూర్తి

తా.క.: ఈ ఉత్తరం నేనే స్వయంగా పోస్టులో వేస్తున్నాను. మీ అత్త నీ పక్షం. మంగళవారం స్క్రూడ్రైవరు కనపడకపోతే ఇల్లంతా వెతికాను. బియ్యం డబ్బాలో దొరికింది!

ఇంకో తా.క.: మూత కింద ఎలక ఎప్పుడో గుడ్డపేలిక ఒకటి దోపింది. అదీ పీకి పారేశాను. ఇంత శుభ్రం చేశాక కూడా ఇలా అయిందంటే నీ దిష్టి కాక ఇంకేమిటి?

గరివిడి,
17 ఫిబ్రవరి

మావయ్యకి నమస్కారం. నువ్వు దీవించకపోయినా నేను దండం పెడుతున్నాను.

నీ శబ్దం నేను దొంగిలించానా? ఆ మాట చదివాక అన్నం సహించలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నువ్వు వాయిస్తుంటే స్టేజీ చెక్కల కింద దూరి పడుకునేవాణ్ణి, గుర్తుందా? అమ్మ ఊరంతా వెతుక్కునేది. నువ్వు వాయించిన ప్రతి డుమ్మూ చెక్కల్లోంచి నా వీపులోకి దిగేది. మావయ్యా, ఆ శబ్దం కోసమే నేను గిటారు కొన్నాను. మొదటి ఉత్తరంలో గొప్పలు రాశాను గాని నిజం చెబుతున్నాను. మూడు వారాలుగా అన్ని బటన్లూ తిప్పాను. అది రావడం లేదు. ఎంత తిప్పినా గాజు గ్లాసే. ఎందుకు రాదో చూద్దామనే టేపు పట్టుకుని వచ్చాను.

నీ గిటారు బాగవకపోతే భోగాపురంలో నాది వాయించు. నేను కింద జనంలో కూర్చుని చప్పట్లు కొడతాను. కుర్చీ నీదే మావయ్యా, ఎప్పటికీ నీదే.

నీ అల్లుడు,
ధర్మేంద్ర

తా.క.: కొత్త బ్యాటరీ వేసే ఇస్తాను. దాంతో దారి చూసుకుని నడవాలని మాత్రం ప్రయత్నించకు.

గజపతినగరం,
25 ఫిబ్రవరి

బంగారం లాంటి మా అల్లుడు ధర్మేంద్రకి మావయ్య రెండు చేతులతో దీవించి, వెనకటి ఉత్తరానివి కూడా కలిపి దీవించి రాయునది.

గెలిచాంరా! మొన్న నువ్వూ అక్కడే ఉన్నావు గాని, నీకు నీ గిటారు తప్ప ఏమీ కనపడలేదు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

సాయంత్రం ఐదింటికి తెర కట్టారు. ముందు నేను వాయించాను, తరవాత నువ్వు, చివర మురళీ ఎడమ చెయ్యి. ఒకటే పాట. తీర్పు చెప్పడానికి చేపల వ్యాపారి హరిబాబుని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన లేచి ఏమన్నాడు? "మొదటిదీ రెండోదీ ఒకలాగే ఉన్నాయి బాబూ. తెప్పకి కెరటం తగిలినట్టు కడుపులో కొడతన్నాయి. మూడోదేటి, దోమా?"

జనం నవ్వు అరగంట ఆగలేదు! మురళీ కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "మావా, కుర్చీ నీదే. నీకు కుదరని దినం మీ అల్లుడొస్తాడు" అని మైకులో చెప్పాడు. తెర వెనక నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నువ్వు చూడలేదనుకుంటాను, నీ కళ్లూ అలాగే ఉన్నాయి.

ఇది ఎలా జరిగిందో ఆలోచించి కనిపెట్టాను. నిన్ను అనుమానించినందుకు పనసచెక్క నా మీద అలిగింది. నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను చూడు, మర్నాడు నేను చేలోంచి వచ్చి వాయిస్తే దానంతటదే డుమ్మంది. మరి నీదానికి ఎలా వచ్చిందంటావా? వాయించే ముందు రెండు గంటలు రెండిటినీ ఒకే గోడకి ఆనించాం. అంతా సావాసం! నా దగ్గరున్నది అది నేర్చుకుంది. కొత్తదైనా బుద్ధిమంతురాలు.

నిన్ను దొంగ అన్నాను. తప్పు నాది. మరిచిపో.

ప్రేమతో,
మావయ్య

తా.క.: నీ ఐదో తీగ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. లెక్కపెట్టాను.

గజపతినగరం,
26 ఫిబ్రవరి

అల్లుడికి అత్త జగ్గమ్మ నవ్వుకుంటా రాసీది.

మీ మావ ఉత్తరం అందే ఉంటాది. దాని కింద రాస్తే సరిపోదని ఏరే కవరు తెచ్చినాను. ముందు లేసి, నీ గిటారు సంచిలోంచి తియ్యి. తీగలు మొదలయ్యే కాడ, వాటి కింద సూడు.

సూసినావా? నల్లగున్నాది గదా, నీ గిటారు నలుపులో కలిసిపోయి నీకు కనపడనేదు. అది నా పొందూరు సీర అంచు.

ఎనభై తొమ్మిదిలో అమ్మడు ఇరవై దినాల పిల్ల. మీ మావ ఉయ్యాల పక్కన కూకొని మద్దేన్నం అంతా టయ్యి టయ్యిమని ఒకటే వాయింపు. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు. సెప్తే ఇంటాడా? ఆయన పొలమెల్లినప్పుడు ఇనప మూత ఊడదీసి, సీర సింపి, ఓ మడత తీగల కింద దోపేసి, మల్లీ మూత బిగించేసినాను. సాయంత్రం వచ్చి వాయించినాడు. పిల్ల నిద్దరోయింది. మీ మావ ఏడిసేసినాడు. "జగ్గీ, సెక్క పండిందే! అమ్మడొచ్చిన ఏల!" అన్నాడు. ఆ మొకం సూసి నోరు రానేదు. రేపు సెప్దాం అనుకున్నాను. ముప్పై ఆరేళ్లయిపోనాది.

ఎలక పేలికని మీ మావ పారేసిననాడు నా గుండాగిపోనాది. ఏ ముక్క ఎట్టినా డుమ్మంటాదో లేదో తెలీదు గదా. ఇంతలో నీ ఉత్తరమొచ్చింది. స్టేజీ కింద పడుకునీవోడినని రాసినావు సూడు, అది సదివి నాకు దుక్కమాగనేదు. ఆ శబ్దం నీకూ కావాల, మీ మావకీ కావాల. పెట్టె తీసి సూస్తే ఆ సీర ఉన్నాది, ఇంకో రెండు మూడు ముక్కలు సింపినాను. మర్నాడు ఆయనదానికి పెట్టినాను. భోగాపురంలో మీరిద్దరూ సేపల పులుసు మీద పడినప్పుడు నీదానికి పెట్టినాను. పాపం గదా అని మురళీ కీబోర్డు కిందా ఓ పేలిక పెట్టినాను. దానికేటీ అవనేదు.

మీ మావకి సెప్పకు. అబద్దమని గాదు. సీర నాది, సెయ్యి మీ మావది. రెండూ కలిస్తేనే పిల్ల నిద్దరోయింది.

నీ అత్త,
జగ్గమ్మ

తా.క.: ఆ సీర ఇంకా నాలుగు గజాలున్నాది. ఎన్ని గిటార్లు కొనుక్కుంటారో కొనుక్కోండి.