పెద్ద ప్యాకెట్లు దాటని రేవు

9, సోమవారం
గోదావరి మధ్య లంకలో, మా కనెక్షనున్న సత్యవతిగారి నెట్ గొడవ మళ్లీ. పేజీలు తెరుచుకుంటాయిట. టీచరు పోస్టు దరఖాస్తుకి సర్టిఫికెట్లు ఎక్కిస్తుంటే మాత్రం సగంలో ఆగిపోతోందిట. ఆఖరి గడువు శుక్రవారం. ఆఫీసు నుంచి పింగ్ కొట్టాను, లైను పలుకుతోందో లేదో చూసే చిన్న పలకరింపు — జవాబు చక్కగా వస్తోంది. "పింగ్ వస్తోంటే లైను బాగున్నట్టేనమ్మా, వాళ్ల రూటరే పోయుంటుంది" అంటారు మా నెట్ ఆఫీసు ఓనరుగారు. ఆవిడతో నేనూ అదే అన్నాను.

11, బుధవారం
కొత్త రూటరు బిగించి వచ్చాను. అదే గోల. ఒళ్లు మండిపోతోంది.
"పోనీ పంటెక్కి ఏరు దాటి అమలాపురం నెట్ సెంటరుకి వచ్చేయనాండీ?" అన్నారావిడ. మంచం పట్టిన వాళ్ల అత్తగారిని... వదిలి ఎలా వస్తారు?
"వద్దండీ, రేపటికల్లా బాగుచేసేస్తాం."
"ఆయ్, అలాగేనండీ."
ఎందుకన్నానో.

12, గురువారం
ఏమీ తేలలేదు. మబ్బు పట్టింది కదా, ఏటి మీదుగా గాల్లో వెళ్లే రేడియో లింకు అంతే అంటారు ఓనరుగారు. మబ్బు సర్టిఫికెట్లని మాత్రమే ఆపుతుందా! పైకి అనలేదు. సత్యవతిగారి ఫోను రెండుసార్లు. "ఇంకొంచెం ఆగండీ" అన్నాను.

13, శుక్రవారం
దొరికింది — సాయంత్రం ఆరింటికి. గడువు అయిదింటికి.
ఏ ఫైలైనా ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది. లంకలో రూటరు ఒక్కో ప్యాకెట్‌ని రేడియోకి తగ్గ తొడుగులో పెట్టి గోదావరి దాటిస్తుంది. ఇవతలి రూటరు అది విప్పి ఫైబరుకి తగ్గది తొడుగుతుంది. పోయిన వారం రేడియో మీద టన్నెల్ అని ఇంకో తొడుగు కలిపాను. నిండు ప్యాకెట్ ఇక అందులో పట్టదు. పింగ్ చిన్నది, దూరిపోతుంది. పట్టనప్పుడు రూటరు పంపిన కంప్యూటరుకి వెనక్కి కబురు పెడుతుంది, చిన్నవి చేసి పంపమని. ఆ కబురుని ఆపేసే రూలు... భద్రత అనుకుంటూ అదే రోజు నేనే పెట్టాను. నా చేత్తో. సిగ్గుగా ఉంది.
రూలు తీసేయగానే, పరీక్షకి పంపిన పెద్ద ఫైళ్లన్నీ గబగబా వెళ్లిపోయాయి.

14, శనివారం
ఆవిడే ఫోను చేశారు. "ఇప్పుడు భలే స్పీడుగా ఉందండీ!"
దరఖాస్తు? అన్నాను.
"నిన్నటితో అయిపోయింది కదండీ. మళ్లీ పోస్టులు ఎప్పుడు పడతాయో. మీరు మాత్రం పాపం చాలా తిరిగేరండీ."
తప్పు నాదని నోటిదాకా వచ్చింది. ఉంటానండీ అని పెట్టేశాను.

15, ఆదివారం
చెప్పలేదు.

16, సోమవారం
లంక నుంచి కొత్తగా రెండు కనెక్షన్లు అడిగారు. "సత్యవతిగారు మీ పేరే చెప్పేరండీ, ఓపిగ్గా చూస్తారని." ఓనరుగారికి ఒకటే సంబరం.
రేపు పొద్దున్నే పంటుకి వెళ్లాలి. ఆ రెండిళ్లూ ఆవిడ వీధిలోనే. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ రూలు పెట్టింది నేనేనని...