సీలింగ్ ఫ్యాను మీద సంజాయిషీ

మహారాజశ్రీ బాబాయిగారి సముఖానికి,

ఈ ఉత్తరంలోని ప్రతి అక్షరానికీ, వాటి నడుమ ఉన్న ఖాళీలకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

మీ రిటైర్మెంటు సభకు నేను తీసిన వీడియో చూసి, "వీడికి కెమెరా పట్టుకోవడమే రాదు, సినిమా కోర్సులో చేర్చకు" అని నాన్నతో అన్నారట. నాన్న నా అప్లికేషన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. అందుకని ఒక్కసారి నా వాదన కూడా వినండి.

మొదట కనిపించే ఖాళీ కుర్చీలు పొరపాటు కాదు. నాకిష్టమైన ఒక దర్శకుడి సినిమాల్లో మనుషులకంటే కుర్చీలే బాగా నటిస్తాయి. ఆ తర్వాత పది నిమిషాలు మీ తల వెనకభాగమే కనిపించడమూ పొరపాటు కాదు. ఇంకొక దర్శకుడు హీరోని వెనకనుంచే చూపిస్తాడు, మొహం మనం ఊహించుకోవాలి. పిన్ని మాత్రం, "ఊహించుకోవడానికేముందిరా, ముప్ఫై ఐదేళ్లుగా చూస్తూనే ఉన్నాగా!" అంది.

ఇక మీ ప్రసంగం మధ్యలో రెండు నిమిషాలపాటు తిరిగిన సీలింగ్ ఫ్యాను. దాన్నీ ఎవరో ఒక గొప్ప దర్శకుడి నెత్తిన రుద్దుదామని చాలా వెతికాను. ఎవరూ దొరకలేదు.

నిజం చెప్పేస్తాను బాబాయ్. ఇన్నేళ్లు బడిపిల్లల్ని గడగడలాడించిన హెడ్మాస్టరుగారు, "మా ఆవిడే లేకపోతే నేను..." అని ఆగిపోయి, కళ్లజోడు తీసి, కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ వీడియో బడిలో అందరికీ వేసి చూపిస్తారని నాకు ముందే తెలుసు. ఈ సంగతి నాన్నకు కూడా చెప్పలేదు.

కెమెరా పైకి తిప్పింది నేనే, కావాలనే.