నీ వాటా ఉసిరిపొడి

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. సెలవు పెడదామనుకుంటి గానీ, ల్యాబులో ఈగలకి మేత మార్చాల్సింది కూడా ఈరోజే. ప్రొద్దుటూరు ఎండలో కాలేజీ దాకా నడిచేసరికే ఒళ్ళు హూనమైపోయింది.

మనిద్దరం మొదలుపెట్టిన పనే ఇంకా చేస్తాండా. పండ్ల మీద వాలే ఆ చిన్న ఈగల్లో కొన్నిటికి ఉత్త బెల్లం రవ్వ, కొన్నిటికి దాంట్లో ఉసిరిపొడి కలిపి పెట్టేది, సీసాని గట్టిగా కుదిపేది, కిందపడినవి ఎంతసేపటికి లేస్తాయో చూసేది. కుదిపే ముందు నువ్వు లెంపలేసుకుంటాంటివి. "పులివెందుల నుంచి బస్సులో వస్తే నా గతీ ఇంతే గదమ్మే! నాకూ ఇంత పెట్టు" అని రోజూ ఒక పొట్లం కట్టించుకుంటాంటివి.

ఈరోజు ఉసిరి తిన్నవి ముందే లేచి సీసా గోడెక్కినాయి. ఉసిరి తింటే సత్తువ వస్తాదని నువ్వు చెప్పినట్టే అయింది. ఉత్త రవ్వ తిన్నవి శానాసేపు అడుగునే పడుండి, మెల్లిగా లేచినాయి. వాటినే చూస్తా కూచుండిపోతి.

నీ జాగాలో వచ్చిన కొత్త మేడం, "ఈ పొట్లం ఏ సీసాలోకి మేడం?" అనడిగింది. అప్పుడు చూసుకుంటి, అలవాటుగా కట్టి పక్కన పెట్టినా.

"ఏ సీసాలోకీ కాదులే" అని నేనే నోట్లో పోసుకుంటి.

శానా వగరుందక్కా. ఎట్లా తింటాంటివో.