రెక్కలు ఆరేదాకా

మానిటోబా,
జూన్ ఆఖరు శుక్రవారం.

పూజ్యులైన అత్తయ్యగారికి,

ఏసుక్రీస్తుకు మహిమ. ఒస్తాప్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. "మేమంతా" అని రాయడానికి అలవాటు పడిన చెయ్యి ఇప్పుడు ఒక్కడితో సరిపెట్టుకుంటోంది. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గి ఉంటాయనీ, ఆ హోములో సూపులో ఉప్పు వెయ్యడం మొదలుపెట్టి ఉంటారనీ అనుకుంటాను.

ఓరిస్యా ఆఖరి రోజు ఎలా గడిచిందని మూడు ఉత్తరాల్లో అడిగారు. మీ కూతురు. మీకు తెలియాలి.

పోయిన ఆగస్టు, మంగళవారం. పొద్దున్న నర్సు వచ్చి సూది వేసి వెళ్ళింది. ఆ తర్వాత నొప్పి లేదు. బోర్ష్ రెండు చెంచాలు తాగింది. బీట్‌రూట్ ఎక్కువైందని వంక పెట్టింది. మధ్యాహ్నం నిద్రపోయింది. నాలుగింటికి ఫాదర్ బొహ్దాన్ వచ్చి నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయన వెళ్ళాక కిటికీ దోమతెర మీద ఒక రెక్కల పురుగు వాలింది. రాత్రి దీపం చుట్టూ తిరిగే జాతి. మట్టిరంగు, చూడటానికి ఏమీ లేదు. "దాన్ని కొంచెం కదుపు" అంది. వేలితో తట్టాను. పై రెక్కలు జరిపి, కింద దాచుకున్న ఎర్ర రెక్కలు చూపించి ఎగిరిపోయింది. ఓరిస్యా నవ్వింది. కాసేపటికి, "నా మీద ఆ వాసిల్ గడ్డి కోసే యంత్రం తిప్పనివ్వకు" అంది. ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. పొద్దు గుంకుతుండగా ఊపిరి ఆగింది. చెయ్యి నా చేతిలో ఉంది.

మీరు అడిగిన రెండోది, గడ్డి సంగతి. "సమాధి మీద గడ్డి పెరిగిందంటే ఆ మనిషికి వెనక ఎవరూ లేరన్నమాట" అని రాశారు. మన చర్చి మలాంకా మీకు ఫోను చేసిందని తెలుసు. ఆవిడ చెప్పింది నిజమే. గడ్డి మోకాలి దాకా ఉంది. పురుగులు తిరుగుతున్నాయన్నదీ నిజమే.

ఏ పురుగులో ఆవిడకి తెలియదు, మీకు చెబుతాను. పోయిన వారం ఓరిస్యా సిలువ పక్కన ఒక చుంచెలుక చచ్చిపడి ఉంది. నల్లటి ఒంటి మీద నారింజ పట్టీలున్న పురుగులు రెండు దాని కింద మట్టి తవ్వుతున్నాయి. ఒకటి ఆడ, ఒకటి మగ. పొద్దు వాలేసరికి ఎలుక నేలలోకి దిగిపోయింది. అక్కడే గుడ్లు పెట్టి, పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ నోటితో తినిపిస్తాయి. పురుగుల్లో అలా తండ్రి ఆగడం బహు అరుదు. ఈ సంగతి ఓరిస్యా నాకు పెళ్ళికి ముందే చెప్పింది, హెచ్చరికలాగా. ఒకటి పోతే రెండోది ఒంటరిగానే పెంచుతుందని మాత్రం చెప్పలేదు. అది ఈ శీతాకాలం ఆమె పురుగుల పుస్తకాల్లో చదివాను.

ఇక పోయిన ఆదివారం జరిగింది. పూజ అయ్యాక చర్చి కింది హాల్లో కమిటీ కూర్చుంది. వరేనికీ కుడుములు తిన్న పళ్ళేలు ఇంకా తియ్యలేదు. రెండు వారాల్లో సమాధుల దీవెన గనక, ఈ శనివారమే శ్మశానమంతా ట్రాక్టరుతో కోసి, పూల మొక్కలు మళ్ళీ లేవకుండా మందు కొట్టాలన్నది మాట. వాసిల్ లేచాడు. వాళ్ళ అబ్బాయి జ్ఞానస్నానానికి నేనూ ఓరిస్యా జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడిన రోజు నుంచీ వాడు నన్ను కూమ్ అనే పిలుస్తాడు.

"కూమ్, నీ మీద గౌరవంతోనే అంటున్నా. పోయినేడు కొత్త సమాధి కదా అని ఊరుకున్నాం. నీ ఒక్కడి కోసం శ్మశానమంతా బీడు పెట్టుకుంటామా?"

"అది బీడు కాదు. మనం రాకముందు నుంచీ ఉన్న గడ్డి."

"గడ్డికి కూడా తాతముత్తాతలుంటారేంటయ్యా!"

హాలంతా నవ్వింది. మలాంకా అందుకుంది.

"ఒస్తాప్, పోయిన నెల శ్మశానం నుంచి ఇంటికెళ్ళి మేజోళ్ళు విప్పితే ఎన్ని పిడుదులనుకున్నావ్! మా ఆయన వీపు మీద ఇంకోటి. చచ్చినోళ్ళని చూడ్డానికొచ్చి రక్తం తాగించుకోవాలా మేము?"

"ఫాదర్‌గారి అంగీ కింద ఎన్నున్నాయో అడిగావా, మలాంకా అత్తా?" అన్నారెవరో వెనకనుంచి. ఫాదర్ దగ్గారు.

పిడుదులున్న మాట నిజం. "పంట్లాం అంచులు మేజోళ్ళలో దోపుకోండి" అన్నాను.

"అయితే ఆడాళ్ళం పంట్లాములేసుకుని దీవెనకి రావాలన్నమాట! విన్నారా ఫాదర్?"

వాసిల్ చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు.

"నువ్వు?"

"ఎత్తను. మీరెత్తినా ఒప్పుకోను."

"ఓడిపోయాక కూడా ఒప్పుకోకపోతే ఎలా కూమ్?"

"ఇలాగే."

అత్తయ్యగారూ, నేను పని చేసినంత కాలం ఈ భూములు కొలిచాను. మన ఊరి నుంచి నది దాకా నాగలి దిగని నేల ఎక్కడుందో నాకు తెలుసు. ఎక్కడా లేదు. అంతా కనోలా, గోధుమ. మిగిలింది ఈ శ్మశానం ఒక్కటే. మన తాతలు వచ్చిన మొదటి చలికాలంలోనే పిల్లల్ని పోగొట్టుకున్నారు. పొలం దున్నకముందే సమాధులకి కంచె వేసుకోవలసి వచ్చింది. ఆ కంచె లోపల మిగిలిన గడ్డిలో ఇప్పుడు బొటనవేలి గోరంత సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి. ఓరిస్యా ప్రతి ఏడూ ఈ రోజుల్లో వాటి కోసమే వెళ్ళేది. ఏడాదికి రెండు మూడు వారాలే వాటి ఆట. ఊదారంగు పూల తేనె తాగి, గడ్డి పోచల మీద గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ గడ్డి మొదట్లోనే చలికాలం గడుపుతాయి. ఈ వారం కోసి మందు కొడితే వచ్చే ఏడు ఒక్కటీ ఉండదు. ఉండదంటే ఇక ఎప్పటికీ ఉండదు. పక్క పొలం నుంచి వచ్చి చేరడానికి పక్కన ఏమీ లేదు.

చనిపోయినవాళ్ళకి మర్యాద చెయ్యాలని ఫాదర్ అన్నారు. నేనూ అదే అంటున్నాను.

ఇప్పుడు మీకు చెప్పడానికి ఇంతసేపు జంకిన సంగతి. ఈ మధ్యాహ్నం చర్చి షెడ్డుకి వెళ్ళాను. తాళం చెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. గడ్డి కోసే యంత్రాన్ని జాకీ మీద లేపి బ్లేళ్ళన్నీ విప్పేశాను. అవి మా వంటింటి బల్ల మీద, వెన్న గిన్నె పక్కన ఉన్నాయి. దీన్ని దొంగతనం అంటారు. జీవితమంతా సరిహద్దు రాళ్ళు పాతినవాణ్ణి, ఎవరిది ఏదో నాకు తెలియక కాదు. సిగ్గుపడాలని చూశాను. సిగ్గు రాలేదు.

వాసిల్ పోలీసులకి చెబితే చెప్పనివ్వండి. మలాంకా మీకు ఫోను చేసి మీ అల్లుడికి మతి పోయిందంటే, అవునని ఊరుకోండి. కానీ వెనక ఎవరూ లేరన్న మాట మాత్రం ఆవిణ్ణి అననివ్వకండి. మీరూ అనకండి. ఓరిస్యాకి నేనున్నాను. ఉన్నాను గనకే ఆ గడ్డి ఉంది.

మిమ్మల్ని దీవెనకి మీ మేనల్లుడు రోమన్ తన కారులో తీసుకొస్తున్నాడని రాశారు. తప్పకుండా రండి. చక్రాల కుర్చీ గడ్డిలో కదలదని బెంగ వద్దు. మామయ్యగారి పొడుగు పిడి కొడవలి ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న సుత్తితో కొట్టి అంచు తీశాను. ఆయన దగ్గర నేర్చుకున్న పనే. మంచు తడి ఉండగానే కొయ్యాలి, ఎండ ఎక్కితే గడ్డి మొరాయిస్తుంది అనేవారు ఆయన. చల్లగా ఉన్నంతసేపూ సీతాకోకచిలుకలు గడ్డికి అతుక్కుని కదలలేవు, ఎండ రానిచ్చి అవి లేచాకే కొయ్యాలి అనేది ఓరిస్యా. దీని మీద తండ్రీ కూతుళ్ళు ఎంత పోట్లాడుకునేవారో మీకు గుర్తుండే ఉంటుంది.

రేపు ఆమె మాటే. పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళి, వాటి రెక్కలు ఆరేదాకా శ్మశానం గేటు దగ్గర కూర్చుంటాను. వాసిల్ ట్రాక్టరు తీసుకుని వస్తే వాడికీ ఒక కప్పు ఇస్తాను, బ్లేళ్ళు ఇవ్వను. తర్వాత లేచి, మీ కుర్చీ పట్టేంత వెడల్పున, ఊదా పూలు తగిలినచోట పక్కకి తిరుగుతూ, గేటు నుంచి మీ కూతురి సిలువ దాకా దారి కోస్తాను. అక్కడ కొడవలి దింపేస్తాను.

ఇట్లు,
మీ అల్లుడు
ఒస్తాప్