యోహానుకు చూపించిన పోటీ

అన్నా,

నిన్న నీ సామేలు లండన్‌లో బ్రిటిష్ బాక్సింగ్ ఛాంపియన్ అయ్యాడు. నీలాగే ఎడమచేతి వాటం.

ఇక్కడి బర్మీస్ విద్యార్థుల తిరుగుబాటులో సైనికులు నిన్ను పట్టుకుపోయినప్పుడు వాడు చంటిపిల్లాడు. నీ శవాన్ని కూడా మాకివ్వలేదు. వదిన వాణ్ణి ఎత్తుకుని ఆ దేశం చేరింది.

నువ్వు దాక్కున్న ఇంటిని వాళ్లకు చూపించిన యోహాను ఇప్పుడు ముసలివాడై మన అహ్లోన్ పేటలోని టీ కొట్టులో కూర్చుంటున్నాడు. పాస్టరుగారు క్షమించమంటారు. వీధుల్లో మళ్లీ సైనికులు తిరుగుతున్నారు. వాళ్లు ఆపేసిన ఇంటర్నెట్ ఈ ఉదయం కాసేపు వచ్చింది. పోటీ వీడియో ఫోన్‌లోకి దించుకుని వెళ్లి, అతని ఎదుట పెట్టాను.

"ఈ కుర్రోడెవులమ్మా? బాగా కొడతన్నాడు," అన్నాడు.

"నువ్వు పట్టిచ్చినోడి కొడుకు, బాబాయ్."

అతను కప్పు కింద పెట్టేశాడు. "పోను ఆపీయమ్మా."

"పోటీ ఇంకా అవనేదు. కూకో."

శబ్దం పెంచాను. ఏమైందని కొట్టు యజమాని అడిగితే, ఎవరు విన్నా సరే అనుకుని, బర్మీస్‌లో గట్టిగా అంతా చెప్పాను. పక్క బల్లల వాళ్లంతా అతని వైపు తిరిగారు. యోహాను సగం టీ వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

నాకది చాలలేదన్నా. రేపూ వెళ్తాను. అతను కొట్టు మారిస్తే ఆ కొట్టుకూ వెళ్తాను.

నీ చెల్లెలు,
మరియ