దేవదారు చిత్తడిలో పాత కెమెరా

ప్రియమైన ఆర్నేకి,

పొయ్యిలో కట్టె ఎగదోసి, కాఫీ పక్కన పెట్టుకుని నీ హిల్మా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మన కుంటికుక్క టుస్కానూ. అక్కడ నువ్వూ, నీ మోకాలూ, మీ ఓడా క్షేమంగా ఉన్నారనుకుంటాను. డెట్రాయిట్ దగ్గర పోస్టు పడవలోకి నువ్వు బకెట్‌తో దింపిన ఉత్తరం ఐదు రోజులకి చేరింది. ఒక మూల తడిసింది కానీ చదవడానికి వచ్చింది. ఫోనులో మనిద్దరం వాతావరణం తర్వాత ఏం మాట్లాడాలో తెలియక తడుముకుంటాం. కాగితం మీదైతే నువ్వు కబుర్లపోగువి.

అడిగినవాటికి వరసగా జవాబులు. ఆవిరిస్నానపు గదిలో సౌనా పొయ్యి గొట్టం డెల్బర్ట్ వచ్చి బిగించాడు. రెండు గంటల పని, నాలుగు కప్పుల కాఫీ, నా యాలకుల రొట్టెలో సగం. మీ నాన్న స్నేహితుడు కాబట్టి ఊరుకున్నాను. పైకప్పు కారడం లేదు. బంగాళాదుంపలు తవ్వేశాను. నడుము నొప్పి అలాగే ఉంది, దాని గురించి నువ్వు అక్కడ కూర్చుని చేసేదేమీ లేదు.

ఇక అడవిలో చెట్లకి కట్టిన, ఏదైనా కదిలితే వాటంతట అవే బొమ్మ తీసే మన కెమెరాలు. "వేట సీజను లోపల ఏవి బతికున్నాయో, ఏవి చచ్చాయో చూసి రాయి, ఈసారి చవకవి కొనను" అన్నావు. మీ నాన్న పాత కెమెరాని కూడా చిత్తడిలోంచి విప్పుకురమ్మన్నావు, గుర్తుగా దాచుకుంటానని. సరే, విను. వాగు దాటే చోట పెట్టినది పోయింది. మూత తీస్తే లోపలంతా చీమల గుడ్లు. డెల్బర్ట్ తొంగిచూసి, "ఏమ్మా హిల్మా, ఇది కెమెరానా, చీమలకి నువ్వు కట్టించిన సత్రమా?" అన్నాడు. ఆపిల్ చెట్టుది ఎలుగుబంటి నమిలింది. దాని చివరి బొమ్మ ఎలుగుబంటి నాలుక, చాలా స్పష్టంగా వచ్చింది. రోడ్డు పక్కదాని రబ్బరు చీలి నీళ్లు దిగాయి, వేసవి మొత్తం పాలలో ముంచినట్టు తీసింది. గట్టు మీదది అన్నిటికంటే కొత్తది, రెండు చలికాలాలకే దాని పని అయిపోయింది. వేట మంచె దగ్గరిదాని సంగతి తర్వాత రాస్తాను.

"నాలుగేళ్లు పనిచేస్తే దానికి దణ్ణం పెట్టాలి," అన్నాడు డెల్బర్ట్. "మీ మావయ్య చిత్తడిలో కట్టినది పదకొండేళ్లది. అదింకా ఉంటుందా? ఈపాటికి నాచు పట్టి చెట్టులో కలిసిపోయుంటుంది. ఆ తడిలో పడి నువ్వెందుకు పోవడం, వదిలెయ్యి."

నేనూ వదిలేద్దామనే అనుకున్నాను. మావయ్య కనబడకుండా పోయాక నేను ఒక్క ఆదివారం కూడా కెమెరాల్లోంచి బొమ్మల కార్డులు తీయడానికి వెళ్లలేదు, నీకు తెలుసు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, ఆయనా నేనూ కెమెరాలన్నీ తిరిగి రావడం పదేళ్ల అలవాటు. నువ్వు అడిగావు కదా అని మొన్న ఆదివారం ఆ పని మీద ఒక్కదాన్నే వెళ్లాను.

వాగు మీద దుంగ ఇంకా ఉంది. అది దాటాక టుస్కా రానంది. పిలిచాను, తిట్టాను, రొట్టెముక్క చూపించాను. తోక ముడుచుకుని అక్కడే కూర్చుంది. పగలు పదకొండు గంటలైనా ఆ దేవదార్ల కింద మసకగానే ఉంటుంది. పిట్ట అరుపు లేదు. నా బూట్లు బురదలోంచి లేస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఎదురుగా నాచులోంచి ఎర్రగా వెలిగింది. టిక్కుమంది. కెమెరా నన్ను బొమ్మ తీసింది, ఆర్నే.

మావయ్య పోయి రెండేళ్లు కావస్తోంది. దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఎవరి బ్యాటరీలతో వెలిగింది అది? పట్టీ చెట్టు బెరడులోకి దిగిపోయింది, కత్తి ఆడలేదు. మూత కొంచెం తెరిచి, వేలు పెట్టి కార్డు మాత్రం లాక్కున్నాను. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

మీ నాన్న పద్ధతి నీకు గుర్తుందిగా. బ్యాటరీలు మార్చగానే ఆ పాత కెమెరా గడియారం జనవరి ఒకటికి పోతుంది. చేతికి గ్లవ్స్‌తో ఆ బుల్లి మీటలు నొక్కే ఓపిక ఆయనకి లేదు. మూత వేసి, ఎదురుగా నిలబడి, వేళ్లతో తారీఖు చూపించేవాడు. ముందు పది వేళ్లూ, ఆపైన మిగిలినవి. "గడియారం అబద్ధం చెప్తుంది పిల్లా, వేళ్లు చెప్పవు," అనేవాడు. నేను నవ్వేదాన్ని.

ఇంటికొచ్చి కార్డు కంప్యూటర్‌లో పెట్టాను. మొదటి బొమ్మ నిండా మావయ్య. నారింజ టోపీ, ఎరుపూ నలుపూ గళ్ల కోటు. పది వేళ్లు. రెండో బొమ్మలో నాలుగు. నవంబరు పద్నాలుగు, ఆదివారం, ఆయన కనబడకుండా పోయిన రోజు. కెమెరా లెక్కలో జనవరి ఒకటి. మూడో బొమ్మలో ఆయన వీపు, ఇంటి దారి వదిలి ఎడమకి వెళ్తోంది.

తర్వాతది ఒక కుందేలు. ఆ తర్వాత, కెమెరా లెక్కలో జనవరి మూడున, మళ్లీ మావయ్య. ఒక చేతికి గ్లవ్ లేదు. గడ్డం మీద మంచు. కెమెరాకి బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. పది వేళ్లు. తర్వాత ఆరు. పదహారో తారీఖు, ఆర్నే. మనం వాగుకి ఉత్తరాన కుక్కలతో, హెలికాప్టర్‌తో వెతుకుతున్న రోజు ఆయన దక్షిణాన బతికే ఉన్నాడు.

ఆ తర్వాతి బొమ్మల్లో ఆయన లేడు. నేను మొదట అలాగే అనుకున్నాను. మంచు, మంచు, ఒక ఆడజింక, మంచు. మూడోసారి చూస్తున్నప్పుడు కుడిచేతి కింది మూల కనిపించింది. ప్రతి బొమ్మలోనూ అక్కడ నారింజ రంగు చుక్క ఉంది. డిసెంబరులో మంచు దాన్ని కప్పేసింది. వసంతంలో మళ్లీ బయటికొచ్చింది, కొంచెం కిందికి జారి. ఒక బొమ్మలో లేత కొమ్ముల జింక మెడ వంచి దాన్ని వాసన చూస్తోంది, భయం లేకుండా. ఎండాకాలం ఫెర్న్ ఆకులు మూసేశాయి. మళ్లీ మంచు, మళ్లీ ఆకులు. రెండేళ్లు ఆ కెమెరా ఆయన్నే చూస్తూ ఉంది. కార్డులో ఆఖరి బొమ్మ నాది. నోరు తెరుచుకుని నిలబడ్డాను, నా కాలికి రెండు గజాల దూరంలో ఆ నారింజ రంగు.

ఇప్పుడు మంచె దగ్గరి కెమెరా సంగతి. ఇక్కడ దాకా వచ్చి కలం కింద పెట్టి, గిన్నెలు తోమి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఓడలో పక్కన ఎవరైనా ఉంటే నీ గదిలోకి వెళ్లి చదువు.

ఆ ఆదివారం నేను మర్నాటి వేట కోసం నీ అన్నదమ్ములకి మాంసం కజ్జికాయలు చేస్తున్నాను. మోచేతుల దాకా పిండి. మావయ్య అప్పటికే మతిమరుపుతో ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడుగుతున్నాడు. కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పద పిల్లా, ఆదివారం. కార్డులు తేవాలి."

"ఇవాళ కాదు మావయ్యా. చూస్తున్నారుగా, చేతులు ఖాళీ లేవు."

"ఐదు నిమిషాలు ఆగుతాలే."

"ఐదు నిమిషాల్లో అవుతుందా ఇది? ఒక్క ఆదివారం నన్ను వదలండి బాబూ! వెళ్తే వెళ్లండి, లేకపోతే కూర్చోండి."

ఆయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు, నీడ కనిపిస్తూనే ఉంది. తర్వాత కనిపించలేదు. నేను తలెత్తి చూడలేదు.

సాయంత్రం షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి, "ఎటు వెళ్లాడో చూశారా అమ్మా?" అని అడిగాడు. వంటింటి నిండా మనవాళ్లు. అందరూ నా వైపే. వయసు మళ్లిన మనిషిని గుమ్మంలోంచి తోలేసి కిటికీలోంచి కూడా చూడలేదని ఎలా చెప్పను? "చూశాను, మంచె దారి పట్టాడు," అన్నాను. సీజనుకి ముందురోజు ఎప్పుడూ ముందు మంచె దగ్గరికే వెళ్తాడు కదా, అబద్ధమైనా నిజమే అయ్యుంటుందని నా నమ్మకం.

మర్నాడు పదిహేను, మంచె కెమెరా కార్డు నేనే తీసి చూశాను. నువ్వు పెట్టిన బ్యాటరీలు భేషుగ్గా ఉన్నాయి. గడియారం సరిగ్గా ఉంది. ఆదివారం పొద్దుటి నుంచి ఉడుతలు, రెండు ఆడజింకలు, గాలికి ఊగిన కొమ్మ, చీకటి పడ్డాక షెరీఫ్ మనుషుల టార్చిలైట్లు. మావయ్య లేడు. ఆయన ఆ దారినే వెళ్లలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్తే, మరి నువ్వు చూశానన్నావే అంటారని భయపడ్డాను. సొరుగులోంచి చచ్చిన బ్యాటరీలు తెచ్చి అందులో వేసి, కార్డు తుడిచేసి, "ఆర్నే చవక బ్యాటరీలు పెట్టాడు, చలికి చచ్చాయి, ఏమీ తీయలేదు," అని వాళ్ల చేతిలో పెట్టాను. నాలుగు రోజులు వాళ్లు మంచె చుట్టూనే తిరిగారు.

ఈ రెండేళ్లూ నువ్వు ప్రతి ఉత్తరంలోనూ, ఇంట్లో ఉంటే ప్రతి భోజనం దగ్గరా అదే మాట. "ఆ రోజు మంచి బ్యాటరీలు పెట్టుంటే నాన్న ఎటు వెళ్లాడో తెలిసేది." నేను నీ వీపు నిమిరేదాన్ని. "ఊరుకో, నీ తప్పేముంది," అనేదాన్ని. నా నోరు పడిపోకుండా ఎలా ఉందో నాకే తెలియదు. నీ బ్యాటరీలు చావలేదు ఆర్నే. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. పదిహేనున నేను నోరు విప్పి ఉంటే, పదహారున ఆయన చేయి పట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్లం.

ఆ బొమ్మలు చూశాక ఆ మధ్యాహ్నమే మళ్లీ వెళ్లాను. ఆకులు తీశాను. కోటు ఉంది, బూట్లు ఉన్నాయి, వీపు దేవదారుకి ఆనించుకుని కూర్చున్నట్టే ఉంది. ఇంతకంటే రాయలేను. రోజూ వెళ్లి కాసేపు కూర్చుంటున్నాను. మీ ఓడ శుక్రవారం పొద్దున డెట్రాయిట్ దాటుతుందని రాశావు. ఈ ఉత్తరం నీకు అందేదాకా షెరీఫ్‌కి చెప్పను. మీ నాన్న దొరికిన సంగతి నువ్వు రేడియోలో ఎవరి నోటో వినకూడదు. శుక్రవారం సాయంత్రం నేనే వెళ్లి ఆయన సంగతీ, నా సంగతీ రెండూ చెప్తాను. వాళ్లు ఏం చేస్తే అది చేస్తారు. జనవరిలో సరస్సులు గడ్డకట్టి ఓడ ఆగాక నువ్వు ఈ ఇంటికి వస్తావో, మీ అన్న ఇంటికి వెళ్తావో నీ ఇష్టం. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. రావాలని మాత్రం ఉంది.

ఒక్కటి మిగిలింది. రెండోసారి వెళ్లినప్పుడు కెమెరా మూత పూర్తిగా తెరిచాను. బ్యాటరీలు మార్చిన తారీఖులు ఆయన లోపలి టేపు మీద పెన్సిల్‌తో రాసేవాడు కదా. తొమ్మిదేళ్ల తారీఖులూ ఉన్నాయి. అన్నిటికీ కింద ఇలా ఉంది: "14. మంచి బ్యాటరీలు వేశాను. 16. దారి దొరకడం లేదు. ఇక్కడే కూర్చుంటాను. ఆదివారం కార్డు కోసం హిల్మా వస్తుంది."

క్యాలెండరు తీసి లెక్కపెట్టాను. నేను వెళ్లింది నూరో ఆదివారం.

ఇట్లు,
మీ నాన్న ఎదురుచూసిన కోడలు,
నీ భార్య,
హిల్మా